పదకొండు ఎకరాల జమీందారు

అనంతపురం పక్క పదకొండు ఎకరాల మెట్ట ఉన్న ఆసామి శ్రీమంతుడు. ఈ మాట నాది కాదు, సర్కారువారి నిబంధనది. పిల్లల్ని బడికి పంపినందుకు తల్లికి డబ్బు రావాలంటే ఆ ఇంటికి మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటకూడదు. కృష్ణా డెల్టాలో గట్టు మీద నిలబడి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ వస్తే వచ్చినట్టు, అయిన చోట మాత్రం పదకొండో ఎకరంలోనూ మొదటి పదెకరాల్లో పండిందే పండుతుంది: అప్పు. శెనక్కాయ ఊడలు దిగే వేళకు మొగులు మొహం చాటేస్తే మన జమీందారు పెళ్లాంతో సహా బెంగళూరు బస్సెక్కి సెంట్రింగు పనికి పోతాడు. భూస్వామి గనక ఆయన కూతురికి పైసా రాదు.

భూమి తక్కువున్న అదృష్టవంతుల సంగతి చూద్దాం. 2020 జనవరి 9న చిత్తూరులో అమ్మఒడి మొదలైనప్పుడు తల్లి ఖాతాకు 15 వేలు. మరుసటి ఏడు మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి కోశారు. తర్వాత బడి నిర్వహణకని ఇంకో వెయ్యి. సర్కారు మారింది, పేరు ‘తల్లికి వందనం’ అయింది. ఇంటికి ఒక్కరికి కాదు, చదివే పిల్లలందరికీ అన్నారు. మంచి మార్పే, దీన్ని ఎత్తిపొడవను. చేతికొచ్చింది మాత్రం మళ్లీ 13 వేలే. ఎదురుపడితే పలకరించుకోని రెండు పార్టీలకు ఆ కోత దగ్గర మాత్రం ఎంత చక్కగా మాట కలిసిందో! 2023 జూన్ 28న కురుపాంలో డబ్బు వేసే బటన్ నొక్కాక మళ్లీ డబ్బు పడింది 2025 జూన్‌లో. ఆలోగా ఆరో తరగతి పిల్ల ఎనిమిదికి రావాలి. బటన్ కోసం వయసు ఆగదు కదా.

అసలు కిటుకు 75 శాతం హాజరు నిబంధనలో ఉంది. బడి మానకుండా ఉండేందుకు ఇచ్చే డబ్బు, మానని వాళ్లకే ఇస్తారు. జ్వరం లేదని రుజువు చూపిస్తేనే మాత్ర ఇచ్చే ఆస్పత్రి ఇది.

2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను రెండు చేశారు. కరువును మాత్రం రెండింటికీ సమానంగా పంచారు. కదిరి, తలుపుల, నల్లచెరువు వైపు ఊళ్లు సత్యసాయి జిల్లా కిందికి పోయాయి. అక్కడి ఏ ఊళ్లోనైనా కాయ పీకడం అయిపోయాక బడి మానిన పిల్లల లెక్కకు అయ్యవారు ఫోను పట్టుకుని వెళితే జరిగే సంభాషణ ఇంతే:

“పాప యాడికి పోయింది అవ్వా?”

“వాళ్ల నాయనోళ్లతో బెంగుళూరికి పోయింది సార్. చిన్నోణ్ని ఎత్తుకునేకి ఎవురుండారు?”

“మళ్లీ ఎప్పుడొస్తాది?”

“వానొస్తే వస్తారు.”

యాప్‌లో ‘వానొస్తే’ అన్న ఆప్షన్ లేదు. కొన్నాళ్లకు ఆ పాప పేరు బడి పిల్లల లెక్కలుండే యూడైస్ పోర్టల్‌లో డ్రాప్‌బాక్స్‌లోకి పోతుంది. ఇంకో బడి చేర్చుకుంటే గానీ బయటికి రాదు. బెంగళూరు యలహంకలో బడి ఉంది, పాఠం కన్నడంలో ఉంది, పాప చంకలో తమ్ముడున్నాడు.

దీనికి మందు లేక కాదు. సీజనల్ హాస్టల్ అని ఒకటుంది. అమ్మానాన్నలు వలసపోయిన నెలల్లో పిల్లలు సొంత ఊళ్లోనే తిని, పడుకుని, చదువుకునే ఏర్పాటు. ఇన్ని పథకాల్లో నాకు తెలివైనదిగా తోచేది ఇదొక్కటే. చిక్కల్లా, మంజూరు బస్సుకన్నా ముందు రావాలి. వలసకు ఫైలు ఉండదు గనక అదే ఎప్పుడూ ముందు బయల్దేరుతుంది. పైగా దీనికి నొక్కేందుకు బటన్ లేదు, ఫొటోలో ముఖ్యమంత్రి పక్కన నిలబడేందుకు తల్లి ఊళ్లో లేదు.

ఇక భాగస్వామ్యం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2025 జూలై 10న అదే సత్యసాయి జిల్లా కొత్తచెరువు హైస్కూల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. ముఖ్యమంత్రి అయ్యవారై పాఠం చెప్పారు, విద్యామంత్రి పిల్లల పక్కన కూర్చుని విన్నారు. రాష్ట్రమంతా 61 వేల పైచిలుకు బడుల్లో రెండు కోట్ల పైమాట జనం, గిన్నిస్ రికార్డు అన్నారు. అమ్మ పేరున మొక్క కూడా నాటించారు. అమ్మ యలహంకలో ఇటుకలు మోస్తోంది కాబట్టి నీళ్లు అవ్వ పోయాలి, బిందె ట్యాంకరు దగ్గర వరసలో ఉంది.

అందుకే ఒక మనవి. వచ్చే మెగా మీటింగు యలహంకలో, సగం కట్టిన అపార్ట్‌మెంటు కింద పెట్టండి. తల్లిదండ్రులు అక్కడే ఉంటారు, పిల్లలూ అక్కడే ఉంటారు, కోరం గురించి బెంగ అక్కర్లేదు. హాజరుకూ ఢోకా లేదు. మేస్త్రీ రోజూ పొద్దున్నే వేస్తాడు, ఒక్క పూట తగ్గినా కూలి కోస్తాడు. ఆ పుస్తకాన్ని మన యాప్‌కు కలిపేస్తే 75 కాదు, నూటికి నూరు!