న్యూట్రల్ సిద్ధాంతం

రాయపూర్ నగరంలో ఆగిపోయిన కారు చుట్టూ నలుగురు చేరిన ప్రతిచోటా, అది టాటీబంధ్ కూడలి కానీ, పచ్‌పేడీ నాకా కానీ, తేలీబాంధా చెరువు గట్టు కానీ, మూడు నిమిషాలు తిరగకముందే ఒక తీర్పు వెలువడుతుంది: "న్యూట్రల్‌లో పెట్టి తాడు కట్టించండి, అంతే." అధ్యయన సౌలభ్యం కోసం దీన్ని న్యూట్రల్ సిద్ధాంతం అనవచ్చు. దీనికి మినహాయింపులు లేవు. కారు ఏ జాతిదో, గేర్లు ఎలాంటివో, వెళ్ళవలసిన దూరమెంతో అనే విచారణ లేదు. చివరనున్న "అంతే" అనే ముక్కలోని నిశ్చింత కారు యజమానికి తప్ప అక్కడున్న అందరికీ సమానంగా పంచబడి ఉంటుంది. ఇటీవలి కాలంలో ఈ సిద్ధాంతం అదే పనిగా చెవిన పడుతున్నందువల్ల, ఎవరో ఒకరు దీనిని శాస్త్రీయంగా ఖండించవలసిన అవసరం ఏర్పడింది.

ఇంజిన్ బలం ముందు చక్రాలకే అందే కారును ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు అంటారు. ఇందులో ఇంజిను, గేర్‌బాక్సు, చక్రాలను తిప్పే ఇరుసులు అన్నీ ముందు భాగంలోనే కుదురుకొని ఉండగా, వెనక చక్రాలు పెళ్ళివారి వెంట వచ్చిన బంధువుల్లాగా ఏ పనీ నెత్తిన వేసుకోకుండా దొర్లుతూ వస్తాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో బలం వెనక చక్రాలకు వెళ్ళేది కాబట్టి, వాటి కాలంలో స్థిరపడిన లోకజ్ఞానం ఒక రకంగా ఉండేది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి ఈ దేశపు చిన్న కారును ముందు చక్రాల మీదికి మార్చింది కానీ, రోడ్డు పక్క సలహాదారుల జ్ఞానానికి ఆ సమాచారం ఇంకా చేరలేదు.

ఈ జాతి కారును లాగవలసి వస్తే ముందు చక్రాలను పైకెత్తి, హ్యాండ్‌బ్రేకు వదిలేసి, వెనక చక్రాలను నేల మీద దొర్లనివ్వడం మేలైన పద్ధతి, ఎందుకంటే తిరగకూడని యంత్రమంతా గాలిలో ఉంటుంది. ఇంతకంటే మేలైనది కారును మొత్తంగా ఎక్కించుకొని పోయే ఫ్లాట్‌బెడ్ బండి. ఇక్కడివాళ్ళు టోచన్ అనే తాడు లాగుడు వీటన్నిటికంటే నాసి. హైవే మీద హైడ్రా అని పిలిచే క్రేను సాధారణంగా ముక్కు దగ్గర పట్టుకొని ఎత్తుతుంది గనుక, శాస్త్రం తెలియకపోయినా అది చేసే పని శాస్త్రసమ్మతమే అవుతుంది. చిక్కు నో పార్కింగ్ చోట్ల నుంచి కార్లను ఎత్తుకుపోయే బండ్లతో వస్తుంది, ఏ కొస రోడ్డు వైపు ఉంటే ఆ కొసనే పట్టుకోవడం వాటి స్వభావం కాబట్టి. యజమాని జాగ్రత్తపరుడై మొదటి గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, గోడ వైపు ముక్కు పెట్టి నిలిపిన కారును వెనకనుంచి ఎత్తితే, గేరులో బిగుసుకున్న ముందు చక్రాలు తారు మీద ఈడ్చుకుపోతాయి. రోడ్డు వైపు ముక్కు పెట్టి నిలిపితే ముందునుంచి ఎత్తుతారు కానీ, అప్పుడు హ్యాండ్‌బ్రేకు పట్టిన వెనక చక్రాలు ఈడ్చుకుపోతాయి. అంటే ఎంత జాగ్రత్తగా నిలిపితే అంత నష్టం. గేరులో వేయని, బ్రేకు లాగని నిర్లక్ష్యపు మనిషి కారు మాత్రం హాయిగా దొర్లుకుంటూ పోలీసు ఆవరణ చేరుతుంది.

న్యూట్రల్ సిద్ధాంతం పూర్తిగా కూలిపోయేది ఆటోమేటిక్ కార్ల దగ్గర. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పళ్ళ చక్రాలకు నూనె అందించే పంపు చాలా కార్లలో ఇంజిను తిరిగితేనే తిరుగుతుంది. ఇంజిను ఆపి, మీట న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలను రోడ్డు మీద దొర్లించుకుంటూ లాగితే, లోపలి భాగాలు కొన్ని తిరుగుతూనే ఉంటాయి, నూనె మాత్రం అడుగునే పడి ఉంటుంది. కొంత దూరం పోయాక వచ్చే కమురు వాసనకు సలహాదారు బాధ్యుడు కాడు, ఎందుకంటే ఆయన అప్పటికి ఇంకో కారు దగ్గర ఉంటాడు. పైగా బ్యాటరీ పూర్తిగా చచ్చిన ఆటోమేటిక్ కారు చాలాసార్లు న్యూట్రల్‌కే రాదు. మీట పక్కన చిన్న మూత కింద ఒక కంత ఉంటుందని, అందులో తాళంచెవి కొన దూర్చి నొక్కితే మీట విడుస్తుందని కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంటుంది.

అమెరికాలో ఇదే ప్రశ్నకు పెద్ద గౌరవం ఉంది. అక్కడ పదవీ విరమణ చేసిన దంపతులు మోటార్‌హోమ్, అంటే పడక, వంటగది, స్నానాలగది సహితంగా ఇంజిను మీద నడిచే ఇల్లు, కొనుక్కొని దేశమంతా తిరుగుతూ, మజిలీ చేరాక ఊళ్ళోకి వెళ్ళడానికి ఒక చిన్న కారును దాని వెనక తగిలించుకుపోతారు. తాడు కాదు, ఉక్కు కడ్డీ. ముందు చక్రాలను ఎత్తి పెట్టుకునే రెండు చక్రాల చిన్న బండి. లాగబడే కారులో బ్రేకు తనంతట తానే పడే ఏర్పాటు. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగడానికి ఒప్పుకునే కొద్దిపాటి ఆటోమేటిక్ కార్లలో హోండా సీఆర్-వీ 2014 నమూనా వరకు పేరు మోసింది. దాన్ని లాగే ముందు ఇంజిను ఆడించి గేర్లు ఒక వరుసలో మార్చాలని, ఎనిమిది గంటలకొకసారి ఆ తంతు మళ్ళీ జరపాలని పుస్తకంలో రాసి ఉండగా, అక్కడి వృద్ధులు దాన్ని సంధ్యావందనం తప్పనివారి నిష్ఠతో పాటించేవారు. మరుసటి నమూనాలో గేర్‌బాక్సు మారి ఆ వెసులుబాటు పోయింది. డాలస్ నుంచి ఇలాంటి ప్రయాణాల వీడియో వస్తే చూసి, "మన బండిని కూడా ఇట్లాగే బొబ్బిలి దాకా లాగించవచ్చు కదా బాబాయ్" అని అడిగే బంధువు ప్రతి కుటుంబంలోనూ ఒకడు ఉంటాడు. రాయపూర్‌లో మోటార్‌హోమ్ స్థానాన్ని నీళ్ళ ట్యాంకరో, ఇటుకల ట్రాక్టరో ఆక్రమిస్తుందన్న సంగతి ఆ బంధువుకు పట్టదు.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూడవలసి ఉంది. 1989 నాటి రోడ్డు నిబంధనల ప్రకారం చెడిపోయిన వాహనాన్ని దగ్గరి గ్యారేజీకో పెట్రోలు బంకుకో మాత్రమే లాగవచ్చు. ముందు చక్రాలు క్రేను మీద లేకపోతే, లాగబడే కారులో లైసెన్సు ఉన్న మనిషి స్టీరింగు పట్టుకొని కూర్చోవాలి. రెండు వాహనాల మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదు. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు. వెనక కారు వెనకభాగాన తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరాలతో, 75 మిల్లీమీటర్లకు తగ్గని ఎత్తున, ఇంగ్లీషులో "ఆన్ టో" అని రాసి కట్టాలి. 2017లో వీటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినప్పటికీ, సాహిత్య విలువ దృష్ట్యా పాత పాఠాన్నే ఇక్కడ తీసుకోవడమైనది.

ఈ బోర్డు విషయం కొంత విస్తృత పరిశీలనకు అర్హమైనది. కారు చెడిపోతుందని ముందే తెలిసినవాడు ఆ కారులో బయలుదేరడు, తెలియనివాడి దగ్గర బోర్డు ఉండదు. కాబట్టి నిబంధన పాటించదలచిన పౌరుడు మొట్టమొదట, కదలని కారును వదిలి, ఒక రాతగాణ్ణి వెతుక్కుంటూ నడవాలి. చేత్తో బోర్డులు రాసేవాళ్ళు అరుదైపోయిన ఈ రోజుల్లో అతడు చేరేది ఫ్లెక్సు దుకాణం. ఫ్లెక్సు దుకాణానికి తెలుపు మీద నలుపు అనేది చావు కబురుకు తప్ప మరొకదానికి వాడే రంగు కాదు కాబట్టి, పసుపు అంచుతో ఎర్ర అక్షరాలు వేయమంటారు, ఒక మూల యజమాని ఫొటో, పైన వార్డు నాయకుడి ఫొటో ఉంటే నిండుగా ఉంటుందంటారు, అదే ధరకు జన్మదిన శుభాకాంక్షలు కూడా కలిపి ఇస్తామంటారు. వీటన్నిటినీ కాదని కంప్యూటరు సెంటరులో కాగితం మీద అచ్చు వేయిద్దామంటే, 75 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐదు ఇంగ్లీషు అక్షరాలు, అందులో ఒకటి మరీ వెడల్పైన డబ్ల్యూ, నడుమ ఒక ఖాళీ, ఇవన్నీ కలిసి ఏ-ఫోర్ కాగితపు 297 మిల్లీమీటర్ల పొడవులో సౌకర్యంగా ఇమడవు. అందువల్ల ఒక మాట ఒక కాగితం మీద, రెండో మాట రెండో కాగితం మీద అచ్చు వేయించి, దుమ్ము పట్టిన డిక్కీ మూతకు టేపుతో అతికించాలి. దుమ్ము మీద టేపు నిలవదు. అభన్‌పూర్ చేరేలోపు రెండో కాగితం గాలికి ఎగిరిపోయి మొదటిదే మిగిలితే, ఇంజిను చచ్చిన కారు తాను "ఆన్"లో ఉన్నానని లోకానికి చాటుకుంటూ పోవలసి వస్తుంది. ఈ యాతన పడుతున్న కారు పక్కనుంచి, వడ్ల కొనుగోలు కాలంలో, రెండేసి ట్రాలీలు తగిలించుకున్న ట్రాక్టర్లు ఏ బోర్డూ, వెనక ఏ దీపమూ లేకుండా సాగిపోతుంటాయి.

వేగం, ఎడం గురించి చట్టం చెప్పిన అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. గంటకు 24 కిలోమీటర్లంటే సెకనుకు ఆరున్నర మీటర్లకు పైనే. 5 మీటర్ల ఎడం ముప్పాతిక సెకనులో కరిగిపోతుంది. ముందు బండి బ్రేకు దీపం వెలిగిందని కన్ను గ్రహించి కాలు కదిలేసరికి చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ కాలు పడేది కూడా మామూలు బ్రేకు మీద కాదు: ఇంజిను ఆగిన కారులో బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగు రోకలి అంత బరువవుతుంది. రాయపూర్ నుంచి ధమ్‌తరి, కాంకేర్ దాటి జగదల్‌పూర్ వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మీద కేశ్‌కాల్ ఘాట్ ఉంది. పన్నెండు మలుపులు, మలుపు మలుపునా ఆగిన లారీలు. సాలూరు మీదుగా విజయనగరం, విశాఖపట్నం వెళ్ళే తెలుగు కుటుంబాలు పోయేటప్పుడు ఎక్కవలసినది, తిరిగి వచ్చేటప్పుడు దిగవలసినది అదే. పల్లంలో వెనక కారు తానే ముందు బండి మీదికి దూసుకొస్తుంది కాబట్టి, తాడు వదులు కాకుండా చూసే పని బ్రేకుతో చేయవలసినవాడు వెనకవాడే. ఎటు పోవాలో, ఎప్పుడు ఆగాలో, టీ ఎక్కడ తాగాలో నిర్ణయించేది ముందువాడు. లైసెన్సు చూపవలసినదీ, గుద్దితే ఖర్చు పెట్టవలసినదీ వెనకవాడు. ఇంత అధికారం లేని బాధ్యత ఇల్లరికపుటల్లుడికి కూడా ఉండదు.

అయినా న్యూట్రల్ సిద్ధాంతకర్తల మీద కోపం ఎంత పెంచుకోవాలన్నా ఒక చోట ఆగిపోతుంది. డబ్ల్యూ.ఆర్.ఎస్. కాలనీ వంటి రైల్వే వీధుల్లో ఒకప్పుడు చలికాలం పొద్దున కారు మొరాయిస్తే, రెండో గేరులో పెట్టి క్లచ్ తొక్కి పట్టుకుంటే చాలు, ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తోసేవాళ్ళు. ఇంజిను అందుకున్నాక పొగలోంచి "పోనీ, పోనీ" అని అరిచేవాళ్ళు. మోకాళ్ళ నొప్పులకు క్లచ్ పనికిరాదని దూరాన ఉన్న కొడుకు కొనిచ్చిన ఆటోమేటిక్ కారు తోస్తే స్టార్టు కాదు. నడిపేవాళ్ళు లేక నెలల తరబడి నిలిచి బ్యాటరీ ఎండిపోయిన అలాంటి కార్లు ఆ వీధుల్లో ఇప్పుడు చాలానే కనిపిస్తాయి. పక్కింటివాళ్ళు ఇప్పటికీ వస్తారు. డిక్కీ మీద చెయ్యి వేస్తారు, ఇది ఆటోమేటిక్ అని పెద్దాయన చెప్పగానే తీసేస్తారు. చేయడానికి మరేమీ లేదు గనుకనే బహుశా సలహా చెబుతారు.

లాగించుకోవడానికే పుట్టిన వాహనం కావాలంటే రైలుంది. పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్‌ను విజయనగరంతో కలిపే దారి 1931 నాటికి పూర్తయింది. ఆ దారిలో కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ నడుస్తోంది, 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ కూడా నడుస్తోంది. వాటిలో ఏ చక్రాలకు బలం అందుతోందో ప్రయాణికుడు తెలుసుకోనక్కరలేదు. కాకపోతే సంక్రాంతి వారంలో వెయిటింగ్ లిస్టు వంద దాటుతుంది కాబట్టి, కేశ్‌కాల్ ఘాట్‌లో తెలుగు కార్లు, వాటి మధ్య తాళ్ళు, ఆ తాళ్ళ గురించి సలహాలు యథావిధిగా కొనసాగుతున్నాయి.