గడ్డిచామంతికి వీసా లేదు

నల్లపాడులోని పెదనాన్నగారి పాదములకు అమెరికాలోని ఎడిసన్ నుండి నమస్కరించి వ్రాయునది.

నేను మలాము చేసికొనుటకని పెద్దమ్మ గడ్డిచామంతిని వేళ్ళతో సహా పెఱికి, నీడన ఎండబెట్టి, పాతచీర ముక్కలో మూటగట్టి, వచ్చే నెల ఇటు రానున్న మన చుట్టాలబ్బాయి పెట్టెలో సర్దనున్నదని మీ జాబువలన తెలిసి నాకు కలిగిన ఆనందము ఇంతంత గాదు. ఆ ఆనందము తీరక మునుపే పట్టుకొన్న భయము దానికి రెండింతలు. దయయుంచి ఆ మూటను వెంటనే విప్పించి మన చేనిగట్టుననే పారవేయింపుడు. ఏలయన, ఈ దేశపు వ్యవసాయశాఖవారు గడప దాటి లోనికి రారాని కలుపుమొక్కల కొక జాబితా వ్రాసియుంచిరి; అందులో మన గడ్డిచామంతి 'ట్రైడాక్స్ ప్రొకంబెన్స్' అను గంభీరమైన శాస్త్రనామముతో విరాజిల్లుచున్నది. విమానాశ్రయములలో పెట్టెలు వాసనచూచుటకై బీగిల్ కుక్కలను పెంచి పోషింతురు. పెద్దమ్మ మూట కట్టిన తీరును ఆ కుక్కలు మెచ్చుకొనునే గాని, వాటి వెనుక నిలిచిన అధికారులు మెచ్చుకొనరు.

వింత యేమనగా, ఆ మొక్కకు పుట్టినిల్లు ఈ అమెరికాఖండపు ఉష్ణభూములే. ఎవరి సరకులో దాగి వచ్చెనో గాని, మన సీమ చేరి చేలగట్టులను, రైలుకట్టలను, కుళాయిగట్లను ఆక్రమించి, బడిపిల్లలచేత పలకలు నలుపు చేయుటకును, పెద్దలచేత తెగిన వేళ్ళకును పిండించుకొనుచు, అక్కడనే పుట్టినంత ధీమాగా కాపురము చేయుచున్నది. మిరప వచ్చినదిటనుండియే, మన నల్లరేగళ్ళలో నేడు విరివిగా పండు పత్తిజాతి వచ్చినదిటనుండియే, ఒంటికి తగిలిన దద్దురులెక్కించు వయ్యారిభామ వచ్చినదిటనుండియే. ఒక్క నల్లపాడు పొలిమేరలోనే అమెరికాసంతతి ఇంత యుండగా, తిరుగుప్రయాణమునకు గడ్డిచామంతికి వీసా లేదట! నాకిచ్చిరి, దానికీయరైరి. మా యిద్దరిలో ప్రయోజకులెవరో పెద్దమ్మ నడిగిన తడుముకొనక చెప్పును.

అయినను ఆమె బెంగపడనక్కరలేదు. మలాము ఇచ్చటనే తయారైనది. డిసెంబరు వచ్చెనా, వెలుపలి చలియు లోపలి హీటరును పంతమునకు దిగి మనిషి చర్మములోని చెమ్మను పీల్చివేయును. నా మడమలు వేసవిలో మన పత్తిచేను బీటలువాఱిన తీరున బీటలువాఱెను. చీస్‌బ్రో అను రసాయనజ్ఞుడు 1872లో వాజలీనునకు పేటెంటు పొంది, జనమును నమ్మించుటకై తన చర్మమును తానే కాల్చుకొని దానిని పూసి చూపెడివాడట; రోజున కొక చెంచాడు మింగెడివాడనియు చెప్పుదురు. 96 ఏండ్లు బ్రదికెను గనుక కాదనుటకు మనమెవరము? ఆయన కంపెనీ కర్మాగారము మాకు చేరువనున్న పెర్త్ అంబాయ్‌లోనే ఉండెడిది. అట్టి గడ్డమీద కూర్చుండి, మలాము నల్లపాడునుండి తెప్పించుకొనుట నాకును చిన్నతనముగ తోచెను.

మలామునకు గడ్డిచామంతికి బదులుగ ఇచ్చటి పచ్చికలో ప్లాంటెయిన్ అను మొక్క కలదు. ఆకులు నేల కఱచుకొని పరచుకొనును. ఆకును మెల్లగ చింపిన ఈనెలలోనుండి సన్నని దారములు సాగి వ్రేలాడును. ఇదియు ఐరోపావారి వెంట వలస వచ్చినదే. మీరు రాత్రివేళ పుచ్చుకొను ఇసబ్గోలునకిది స్వయాన జ్ఞాతి.

తైలపాకమున పెద్దమ్మ ఆకు నూరి నువ్వులనూనెలో సన్నసెగను కాచి, పిప్పి వేళ్ళనడుమ ఒత్తిగ సాగువఱకును, దానిని నిప్పులో వేసిన చిటపటలాడనంతవఱకును దించదు గదా! శార్ఙ్గధరుడును ఇవే గురుతులు చెప్పెనని మీరు ఆయన వైద్యగ్రంథము తెచ్చి చదివి వినిపింపగా, "ఆయనకెవరు చెప్పారో?" అని ఆమె పొయ్యివైపు తిరిగిన సంగతి నాకింకను జ్ఞాపకమున్నది. ఇచ్చటివారు ఆకును ముందే గలగలలాడునట్లు ఎండబెట్టి, సీసాలో నూనెతో కలిపి, ఆ సీసాను వేడినీళ్ళగిన్నెలో గంటలకొలది కూర్చుండబెట్టుదురు. దారులు వేఱైనను ఇరువురి వైరమును నీటితోనే. తడి మిగిలిన బూజు తప్పదు. వడగట్టిన నూనె అయిదుపాళ్ళకు తేనెమైనము ఒకపాలు. మైనము 62-64 డిగ్రీల వేడిని కరగును. చల్లని పళ్ళెముపై ఒక చుక్క వేసి, వేలితో నొక్కిచూచి, మెత్తనైన మైనము, గట్టిదైన నూనె చేర్చవలెను. మన మే నెల వేడికి మైనము పాలు పెంచనిదే మలాము మరల తైలమగును. మిరపతొడిమలు తీయు ఆడవాండ్ర చేతులమంటకు పెద్దమ్మ ముందు నూనె రాయించుటలోని కిటుకు నాకిచ్చటనే బోధపడెను: ఆ కారము నూనెకు లొంగినట్లు నీటికి లొంగదు. అన్నట్లు, పచ్చిగాయములపై ఈ ఇంటిమందు పూయనని నావద్ద ఇచ్చటి డాక్టరు మాట తీసికొనెను.

ఇక అసలు చిక్కు. మా పెరడు చేతిరుమాలంతయే గనుక, కలుపుమందు చల్లని మూల యేదియో చూపుమని పక్కయింటి దొర నడిగి, అచ్చట మోకాళ్ళపై కూర్చుండి ఆకు కోయుచుంటిని. అది పరోపకారమని తలచి ఆయన భార్య కాఫీ తెచ్చియిచ్చెను. మఱుసటి శనివారము ఆయన తానే గోనెనిండ కలుపు పెఱికి, ముండ్లతో సహా, మా గుమ్మమున పెట్టిపోయెను. మనయూర కలుపుతీతకు కూలి అడుగుదురు. ఇచ్చట ఉచితముగ చేయువాడొకడు దిగినాడని వీధియంతయు పొక్కెను. ఋణము తీర్చుకొనుటకై ఆయనకొక డబ్బీ మలామిచ్చితిని. వడ్రంగము సరదాగల మనిషి. పగిలిన అరచేతులకు అది యెంత హాయి కూర్చెనో గాని, నాటినుండి పచ్చికపై మందు చల్లుట మానివేసెను. ఈ వసంతమున ఆయన వాకిలి ప్లాంటెయిన్‌తోను పచ్చని డాండెలైన్ పూలతోను కన్నుల పండువుగ నున్నది; ఆ పండువు ఓర్వలేక పేటసంఘమువారు నోటీసిచ్చిరి. అది కలుపు గాదు, ఓషధీవనమని జవాబు వ్రాయవలసిన భారము నాదేయని ఆయన నిశ్చయించెను.

కావున ఇసబ్గోలువంశపు ఘనతను గూర్చి మీ శైలిలో నాలుగు వాక్యములు వ్రాసి, తిరుగుటపాలో పంప ప్రార్థన. ఇంగ్లీషులోనికి నేను మార్చుకొందును. గడువు నెలాఖరు. ఆ అబ్బాయి పెట్టెలో మూట తీసిన చోటు ఖాళీగ పోనీయక, పెద్దమ్మచేత గోంగూరపచ్చడి సీసా యొకటి మూత బిగించి పెట్టింపుడు. దొరకును కొంచెము రుచి చూపెదనంటిని. కారము తగ్గించవలదని చెప్పుడు.

ఇట్లు
మీ విధేయుడు