చీకటి చిట్టా

సమస్త గృహస్థులకూ, అందులోనూ పెన్షను పుచ్చుకుంటూ సొంత ఇంట్లో అద్దెకున్నట్టు బతుకుతున్న నా తోటివారికీ విన్నవించుకునేది ఏమనగా:

మా ఇంట్లో ఒక లాప్‌టాప్ ఉంది. మా అబ్బాయి డాలస్ వెళ్తూ నాకు వదిలిపెట్టిన ఆస్తుల్లో అదొకటి. మిగిలినవి ఒక బుల్లెట్టు బండీ, ఒక జత డంబెల్సూ. బండి స్టార్టవదు, డంబెల్స్ నాకు లేవవు. చేతికి అందే ఆస్తి ఈ ఒక్కటే. అలాంటిది, తొలి ఏకాదశి వెళ్ళిన మర్నాటి నుంచీ నేను ఎదురుగా కూర్చుంటే చాలు, మొహం నల్లగా పెట్టుకోవడం మొదలుపెట్టింది. అలిగిందని చమత్కారానికి అనడం లేదు. నిజంగానే నలుపు. చక్కగా టైపు కొట్టుకుంటూ ఉంటాను, ఠక్కున తెర ఆరిపోతుంది. ఫ్యాను రొద ఆగిపోతుంది. పక్కన సూదిమొనంత తెల్ల దీపం ఒకటి మాత్రం మెల్లగా వెలిగి మెల్లగా ఆరుతూ, పెళ్ళిభోజనం చేసి పడుకున్నవాడి పొట్టలా లేస్తూ పడుతూ ఉంటుంది.

ఏదో ఒక మీట నొక్కితే మళ్ళీ లేస్తుంది. లేచి, నువ్వెవరని అడుగుతుంది. పాస్‌వర్డు చెప్పాలి. మా అబ్బాయి పెట్టిన ఆ పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, రెండంకెలు, ఒక ఎట్ గుర్తు ఉన్నాయి. నేను కుడిచేతి చూపుడువేలితో కొడతాను. పెద్దక్షరానికీ, ఆ గుర్తుకీ మాత్రం ఎడంచేత్తో షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవాలి. పట్టుకుంటాను. సగంలో మళ్ళీ చీకటి. ఇంటి యజమాని గుమ్మంలో నిలబడి తాళం తిప్పుతుండగానే లోపల్నించి గడియ పెట్టుకునే ఇల్లాలిని ఎవరైనా చూశారా? నేను ఆ ఇల్లాలిని రోజుకి పది పన్నెండు సార్లు చూశాను.

తాసీల్దారు ఆఫీసులో 34 ఏళ్ళు చేసినవాణ్ణి. ఏ గొడవైనా కాగితం మీద పెడితేగానీ నాకు అర్థం కాదు. అందుకని ఒక పాత లెడ్జరు తీసి, ఎర్ర సిరాతో గళ్ళు గీసి, ‘చీకటి చిట్టా’ అని పేరు పెట్టి రాయడం మొదలుపెట్టాను. మచ్చుకి ఒక రోజు:

ఉదయం 9.10: పాస్‌వర్డు కొడుతుండగా చీకటి. 9.14: మళ్ళీ పాస్‌వర్డు, మళ్ళీ చీకటి. 9.40: ఆదాయపు పన్ను రిటర్నులో పాన్ నంబరు, మొదటి అక్షరం పడింది, రెండోది పడలేదు. 11.05: ఫోనుకి ఓటీపీ వచ్చింది. కుడిచేత్తో ఫోను కళ్ళకి దూరంగా పట్టుకుని, ఎడంచేత్తో అంకెలు కొడుతున్నాను. నాలుగో అంకె దగ్గర చీకటి. మేలుకొలిపి లోపలికి వెళ్ళేసరికి ఆ సైటు నన్ను మర్చిపోయి మొదటి పేజీలో నిలబెట్టింది. సాయంత్రం 4 నుంచి 5.30: మౌసుతో పేకాట ఆడుకున్నాను. చీకటి లేదు.

ఈ చిట్టా చదివిన ఏ న్యాయమూర్తయినా ఒకే మాట చెబుతాడు. నేను ప్రభుత్వానికి పన్ను కట్టడం ఈ యంత్రానికి ఇష్టం లేదు. పేకాడుకోవడానికి అభ్యంతరం లేదు. కానీ జూలై 31 గడువు, దాటితే ఆలస్య రుసుము అయిదువేల దాకా. ఆ డబ్బు లాప్‌టాప్ కట్టదు కదా.

ఇక ఇంటాబయటా వైద్యులు తయారయ్యారు. నా అనుభవంలో మనిషికి జబ్బు చేస్తే మందులు చెప్పేవాళ్ళ కంటే యంత్రానికి చేస్తే చెప్పేవాళ్ళు ఎక్కువ. ఎందుకంటే యంత్రం పోయినా ఎవరూ అడగరు. పై వాటాలో ఉండే కరెంటాఫీసు రిటైర్డు ఏఈ గారు లో వోల్టేజీ అన్నారు. బ్యాటరీ మీద నడుస్తోందండీ అంటే, బ్యాటరీలో లో వోల్టేజీ అన్నారు. పనిమనిషి దిష్టి అంది, నిమ్మకాయ కూడా తనే తెచ్చింది. మా ఆవిడ మటుకు పోపు వేయిస్తూ, వెనక్కి తిరక్కుండానే తేల్చేసింది. “రాత్రి పదకొండింటి దాకా దాని మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. మీకు లేకపోతే లేదు, దానికైనా కళ్ళు మూతలు పడవూ?”

ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది. అప్పుడు మాత్రం నేను బల్ల మీద గట్టిగా చరిచి, ఇది సాంకేతిక విషయం, ఆడవాళ్ళు కల్పించుకోకండి అన్నాను. చేతి కడియం ఖంగుమంది. మా ఆవిడ స్టవ్ ఆపేసింది. ఆ పూట కాఫీ రాలేదు.

హైదరాబాదులో మా మేనల్లుడు సాఫ్ట్‌వేరు. వాడికి ఫోను చేశాను.

“రీస్టార్ట్ చేశావా మావయ్యా?”

ఆ కులం వాళ్ళ సంధ్యావందనం ఇదే. చేశాను నాయనా, నలభైసార్లు చేశాను అన్నాను. “అయితే స్క్రీన్ ఎన్ని నిమిషాలకి ఆరాలో పవర్ సెట్టింగుల్లో రాసుంటుంది, చూడు” అన్నాడు. బ్యాటరీ మీద అయిదు నిమిషాలని ఉంది. ‘ఎప్పుడూ వద్దు’ అని మార్చాను. మర్నాడు యథాప్రకారం. అప్పుడు వాడు బ్రహ్మాస్త్రం ఉపదేశించాడు: విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి, నాలుగూ ఒక్కసారే నొక్కాలి, తెరకి బొమ్మలు పంపే డ్రైవరు అనే ప్రోగ్రాము దాంతో తిరిగి మొదలవుతుంది, ఒక కూత కూసి తెర మిణుక్కుమంటే పనిచేసినట్టు. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకి కూడా కష్టమైన ముద్ర అది. ఎడంచేతి మూడువేళ్ళు మూడు మీటల మీద పరిచి, ముంజెయ్యి లాప్‌టాప్ అంచున ఆనించి, కుడిచేత్తో బి నొక్కుదామని వంగానో లేదో, చీకటి. వైద్యం మొదలెట్టగానే రోగి స్పృహ తప్పడం అంటే ఇదే.

మెయిన్ రోడ్డులో ఒక దుకాణానికి పట్టుకెళ్ళాను. కౌంటరు వెనక కుర్రాడు మూత తెరిచి, రెండు మీటలు నొక్కి, మూత మూసి, “ప్యానెల్ పోయింది సార్, ఆరువేల అయిదొందలు” అన్నాడు. అక్కడ ఉన్న ఆ రెండు నిమిషాల్లో అది ఒక్కసారి కూడా ఆరలేదు. వెలుగుతున్న దీపాన్ని చూసి వత్తి లేదని చెప్పగల జ్ఞాని అన్నమాట. ఆలోచించుకుని వస్తానని చెప్పి ఇంటికొచ్చాను.

ఆరువేల అయిదొందలు మనిషిని చదువుకునేలా చేస్తాయి. ఈ తెరకి సొంత వెలుగు లేదట. అందులో ఉండే ద్రవస్ఫటికాలు వెలుతురుకి అడ్డం పడటం, దారి వదలడం తప్ప ఇంకేమీ చేయవు. ఆ లక్షణం మా ఆఫీసులో చాలామందికి ఉండేది. వెలుగంతా వెనక దాచిపెట్టిన సన్నటి ఎల్‌ఈడీ వరసది. అసలు ఈ ద్రవస్ఫటికాల సంగతి బయటపడింది 1888లో. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్ కారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో తయారైన ఒక పదార్థాన్ని కరిగిస్తే, అది ఒకసారి కాదు, రెండు వేర్వేరు వేడిమిల దగ్గర రెండుసార్లు కరిగిందట. డాక్టరు నన్ను దగ్గరికి రానివ్వద్దన్న కొలెస్టరాలే! వంటింట్లో తరిమితే ముందుగదిలో వచ్చి కూర్చుంది.

వెనక దీపమే పోయి బొమ్మ మాత్రం ఉంటే, టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే తెర మీద బొమ్మ పల్చగా కనిపిస్తుందని తెలిసింది. రాత్రి పన్నెండింటికి గదిలో లైట్లన్నీ ఆర్పేసి, చీకటి పడ్డ తెరకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఫోను టార్చి ఆ మూల నుంచి ఈ మూలకి తిప్పుతూ వెతికాను. వేలిముద్రలు కనిపించాయి, పసుపు మరక కనిపించింది, పాన్ నంబరు మాత్రం జాడ లేదు. వెనక కిటికీలోంచి ఏఈ గారి కంఠం: “ఎవడ్రా అది?” దొంగని కాదండీ, నేనేనని నమ్మించడానికి మళ్ళీ లైటు వేసి మొహం చూపించవలసి వచ్చింది.

రెండో పరీక్ష టీవీతో. హెచ్‌డీఎంఐ తీగ ఒకటి పెట్టి లాప్‌టాప్ బొమ్మని టీవీలో చూడాలి. లాప్‌టాప్ ఆరిపోయినా టీవీలో బొమ్మ నిలిస్తే తప్పు తెరది, లేదా మడతబందు గుండా తెరలోకి వెళ్ళే తీగది. తెరిచీ మూసీ ఆ తీగ నలిగిపోతుందట. రెండూ కలిసి ఆరితే తప్పు ఇంకెక్కడో ఉంది. పరీక్ష చెయ్యడానికి టీవీ కావాలి. టీవీ ఏ వేళప్పుడు ఎవరి స్వాధీనంలో ఉంటుందో సంసారులకి చెప్పక్కర్లేదు. అత్తగారు కోడలి పాలలో ఏదో కలపబోతున్న క్షణాన నేను తీగ గుచ్చాను. ఎడంచేత్తో షిఫ్ట్ నొక్కాను. లాప్‌టాపూ టీవీ ఒక్కసారే ఆరాయి. ప్యానెల్ నిర్దోషి అని నేను కేకేశాను. ఆ కోడలు పాలు తాగిందో లేదో ఈనాటికీ మా ఇంట్లో తెలియదు, ఆ నేరం నా ఖాతాలో ఉంది.

మేనల్లుడు ఆదివారం అక్కడి నుంచే నా లాప్‌టాప్‌లోకి దూరాడు. ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి తెరిచాడు. చూసి నా కళ్ళు చెమర్చాయి. రిజిస్టరు! తేదీ, గంట, నిమిషం, సెకను, వరస సంఖ్యతో సహా, ఈ యంత్రం తను పుట్టిన దగ్గర్నుంచీ రాసుకుంటున్న రిజిస్టరు. మా ఆఫీసులో ఒక్క గుమాస్తా ఇలా రాసి ఉంటే సగం భూతగాదాలు ఉండేవి కావు. నా చిట్టా పక్కన పెట్టి పోల్చాను. 9.10కి ఎదురుగా 9.10. 11.05కి 11.05. చీకటి పడిన ప్రతిసారీ ‘కంప్యూటరు నిద్రలోకి వెళ్తోంది’ అనే నమోదు, పక్కన కారణం. కారణం గడిలో అన్నిచోట్లా ఒకటే మాట: బటన్ లేదా మూత.

“మావయ్యా, నువ్వు మూత మూస్తున్నావని రాసుంది.”

“నేను మూయలేదురా!”

“రోజుకి పదిహేను సార్లు మూశావు.”

పోపు గరిటె చప్పుడు ఆగింది. కళ్ళు మూతలు పడవూ అన్న మనిషి ఏమీ అనలేదు. అనకపోవడంలో ఎంత అనొచ్చో పెళ్ళైన వాళ్ళకి తెలుసు. నా కోపమంతా రిజిస్టరు మీద. మచ్చలేని సర్వీసు చేసి వచ్చిన నామీద, నా ఇంట్లో, నా కరెంటుతో నడిచే యంత్రం తప్పుడు నమోదులు చేస్తోంది.

ఆ రిజిస్టరు నకలు జేబులో పెట్టుకుని ఇంకో దుకాణానికి వెళ్ళాను. మేడమెట్ల కింద, ఒక మనిషి, ఒక స్టూలు, ఒక పెద్ద భూతద్దం. పాతికేళ్ళు ఉండవు. నా వాంగ్మూలం మొత్తం విన్నాడు, అదే విశేషం. తను కూర్చుని అరగంట టైపు కొట్టాడు. ఆరలేదు. “మీరు కొట్టండి సార్” అన్నాడు. కొట్టాను. షిఫ్ట్ దగ్గర చీకటి. అతను కొట్టాడు, వెలుగు. నేను కొట్టాను, చీకటి. ఇంతమంది జనంలో నన్నొక్కణ్ణే గుర్తుపడుతోందని నేను అంటుండగా, అతను తెర మానేసి నా చెయ్యి చూస్తున్నాడు.

“ఆ చేతికి ఏంటి సార్?”

కడియం. మా బావమరిది తొలి ఏకాదశికి వచ్చినప్పుడు తెచ్చాడు. గుండె వైపు చేతికి పెట్టుకోండి బావగారూ, బీపీ పీల్చేస్తుంది అన్నాడు. అయస్కాంతాలు పొదిగినది. దాని శక్తికి నేను స్వయంగా సాక్షిని: పొద్దున్న కాగితాలు గుచ్చుకుంటుంటే బల్ల మీది గుండుసూదులు వాటంతటవే లేచి వచ్చి మణికట్టుకి అంటుకునేవి. ఇంత లాగుతుంటే బీపీ ఎక్కడ నిలుస్తుందని సంతోషించేవాణ్ణి.

కుర్రాడు కడియం విప్పించి, రెండు వేళ్ళతో పట్టుకుని, హారతి ఇస్తున్నట్టు లాప్‌టాప్ మీద తిప్పాడు. కుడివైపు ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. ఎడంపక్క, ముంజెయ్యి ఆనే చోటికి వచ్చేసరికి తెర ఆరింది. ఫ్యాను ఆగింది. తెల్లదీపం పొట్ట ఎగరేసుకుంటూ నిద్రలో పడింది. తీసి, మీట నొక్కాడు, వెలుగు. మళ్ళీ పెట్టాడు, చీకటి. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు కూడా ఆగి చూశారు.

తెర చట్రంలో ఒక చిన్న అయస్కాంతం ఉంటుందట. మూత మూసినప్పుడు అది వచ్చి కూర్చునే చోట, అడుగున, అయస్కాంతాన్ని పసిగట్టే సెన్సారు ఉంటుంది. హాల్ సెన్సారు అంటారు. లోహపు రేకులో పారే కరెంటు మీద అయస్కాంతం ప్రభావం ఎలా ఉంటుందో 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికా విద్యార్థి కనిపెట్టాడు, ఆ పేరే దీనికి. దానికి కళ్ళు లేవు. దగ్గరికొచ్చింది మూతలోని అయస్కాంతమా, మా బావమరిది అయస్కాంతమా అని విచారించదు. అయస్కాంతం వచ్చింది, మూత పడింది, నిద్రపో. రిజిస్టరులో అలాగే రాసింది. పాపం, తనకి తెలిసినంతలో నిజమే రాసింది. అందులోని నమోదులన్నిటికీ నేను లోలోపల క్షమాపణ చెప్పుకున్నాను, పైకి చెప్పలేదు.

“ఎంత బాబూ?”

“ఏం బాగుచేశాను సార్? రెండొందలివ్వండి.”

జూలై 29న రిటర్ను దాఖలైంది. ఓటీపీలో ఆరు అంకెలూ పడ్డాయి. బీపీ పాత బీపీయే, మాత్రలూ పాత మాత్రలే. కడియం ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద పాలవాడి లెక్క కాగితాన్ని పట్టుకుని ఉంది. నేనేమీ అనకముందే మా ఆవిడ పెట్టింది.

నిన్న బావమరిది ఫోను చేశాడు. కడియం ఎలా పనిచేస్తోంది బావగారూ అన్నాడు. పుట్టింటి విషయంలో మాట జారకూడదు, మా ఆవిడ పక్కనే ఉంది. గట్టిగా పట్టుకుంటోంది అన్నాను. ఎంత సంతోషించాడో! మెడనొప్పికి అదే రకం దిండు ఉందట, నలభై అయస్కాంతాలట, కొరియరులో వేసేశాడట, ఎల్లుండి వస్తుంది. లాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి తాళం వేశాను. దిండు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. మంచం ఇనపది, బీరువా ఇనపది.