శునకజనకుడు

తెల్లవారి ఆరు గంటలకు హైదరాబాదులో ఏ కాలనీకైనా వెళ్లండి. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి భార్య చెప్పు వేసుకుని, రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, కుక్కపిల్ల నోట్లో రెండు వేళ్లు పెట్టి వెతుకుతున్న పెద్దమనిషి ఒకరు కనిపిస్తారు. కంగారు పడకండి. ఆయనే శునకజనకుడు. బ్యాంకులో మేనేజరో, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరో అయి ఉంటారు. ఆఫీసులో ఇరవై మంది చేత పని చేయించగలరు గానీ, నాలుగు నెలల లాబ్రడార్ చేత ఒక్క కోడి ఎముక వదిలించలేరు.

దాన్ని కుక్క అంటే ఆయనకు నొప్పి. ‘మావాడు’ అనాలి. మావాడి పేరు బ్రూనో, లియో, సింబా, ఈ మూడింట్లో ఒకటి. ఇంటిల్లిపాదీ తెలుగులోనే పోట్లాడుకుంటారు, బ్రూనోతో మాత్రం ఇంగ్లీషే. “నో బ్రూనో! లీవిట్! డ్రాపిట్! డాడీకి కోపం వస్తుంది!” బ్రూనోకి ఇందులో బోధపడేది ఒక్కటే. ఈయన ఇంత గోల చేస్తున్నాడంటే నోట్లో ఉన్నది మహా ఖరీదైన సరుకై ఉండాలి. వెంటనే గుటుక్కున మింగేస్తుంది.

కాలనీ నేల గురించి శునకజనకుడికి తెలిసినంత మునిసిపాలిటీ వారికీ తెలియదు. ఏ మలుపులో ఆదివారం బిర్యానీ ఎముకలు పడతాయో, ఏ చెట్టు కింద గుట్కా పొట్లాలు పేరుకుంటాయో, వేసవిలో ఏ గేటు ముందు మామిడి టెంకలు విసురుతారో అన్నీ కంఠతా. అమావాస్య మర్నాడు బయటికి రావాలంటేనే ఆయనకు జంకు. కూడలి నిండా కుంకుమ పూసిన నిమ్మకాయలు, పగిలిన బూడిద గుమ్మడికాయలు. అలాంటి ఒక ఉదయం బ్రూనో దిష్టి నిమ్మకాయ కరుచుకుని ఇంటికొచ్చింది. “ఎవరి పీడో మనింటికి పట్టుకొచ్చిందిరా!” అని ఆయనగారి అమ్మ గుమ్మంలోనే ఆపి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దానికి దిష్టి తీసింది. తీసిన మిరపకాయల్లో ఒకటి బ్రూనో తినేసింది.

శునకజనకుడి సాధనలో మూడు దశలున్నాయి. మొదటిది ఉపన్యాసం. దీనికి కుక్కపిల్ల చెవులు రిక్కించి వింటుంది, నమలడం మాత్రం ఆపదు. రెండోది వెంటపడటం. నోట్లో పాల ప్యాకెట్‌తో బ్రూనో ముందు, పట్టా చేజారిన ఈయన వెనక. ఇంత మంచి ఆట దొరికాక ఏ కుక్కపిల్లయినా రేపు పాల ప్యాకెట్ వెతుక్కోకుండా ఉంటుందా? మూడోది శస్త్రచికిత్స, అంటే నోరు పెగల్చి లాగడం. దీనివల్ల బ్రూనో నేర్చుకునే పాఠం ఒకటుంది: ఈయన చెయ్యి వచ్చేలోపు మింగేయాలి.

ఓడినవాడు పండితుడవుతాడు. రాత్రుళ్లు చదివి చదివి శునకజనకుడు లిఫ్టులో దొరికినవాళ్లకల్లా చెబుతారు. “కుక్కపిల్లకు చేతుల్లేవు కదండీ, లోకాన్ని నోటితోనే తడిమి చూస్తుంది. 28 పాలపళ్లు, నాలుగో నెల నుంచి ఊడతాయి, ఏడో నెలకల్లా 42 పళ్లు. ఆ దురదకి ఏదో ఒకటి కొరకాల్సిందే. పైగా మావాడు లాబ్రడార్. 2016లో కేంబ్రిడ్జి వాళ్లు తేల్చారు, లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆకలి తీరనివ్వని జన్యులోపం ఉందట.” మా వంశంలోనే షుగరుంది అని చెప్పుకునేవాళ్ల గొంతులో ఉండే గర్వమే ఇక్కడా వినిపిస్తుంది. పక్కింటివాళ్లు చక్కెర పొంగలి పంపితే ముందు కిస్‌మిస్‌లు ఏరి దాచేస్తారు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్టు, ఉల్లిపాయ, చక్కెర లేని కొన్ని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్, అన్నీ విషాలే. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, మామిడి టెంక అడ్డం పడుతుంది. ఇవన్నీ నిజాలే. పశువైద్యుడు చెప్పేదీ అదే: ఎలుకల మందు తిన్నదని అనుమానం వచ్చినా, ఆగకుండా వాంతులవుతున్నా ఇంటివైద్యం చేస్తూ కూర్చోవద్దు, వెంటనే తీసుకురండి.

ఇంత పాండిత్యం పనికిరాని చోట వాచ్‌మన్ భార్య పనికొచ్చింది. ఒకనాడు బ్రూనో నోట్లో ప్లాస్టిక్ సంచి. ఈయన పరుగు అందుకోబోతుంటే ఆమె అడ్డం వచ్చి, అరవకుండా కింద కూర్చుని, ఉడికిన గుడ్డు ముక్క దాని ముక్కు దగ్గర పెట్టింది. బ్రూనో సంచి వదిలి గుడ్డు అందుకుంది. ఆమె సంచిని కాలితో పక్కకు నెట్టి, “గుంజుకుంటే మింగుతది సార్. ఇంకోటిస్తే ఇడుస్తది” అంది.

డబ్బు తీసుకుని నేర్పేవాళ్లు చెప్పేదీ ఇదే. పిడికిట్లో తిండి మూసిపెట్టాలి. కుక్కపిల్ల నాకుతుంది, గోకుతుంది, విసిగి మూతి వెనక్కి తీసుకుంటుంది. ఆ క్షణంలోనే రెండో చేత్తో ఇంకా రుచైనది ఇవ్వాలి. అది కుదిరాక తిండిని నేల మీద పెట్టి అరచెయ్యి కప్పాలి, ఆ తర్వాతే వీధిలోకి. మాట ఒక్కసారే అనాలి, కొట్టకూడదు.

శునకజనకుడు నేర్చుకున్నారు. బ్రూనో అంతకంటే బాగా నేర్చుకుంది. ఇప్పుడు పనిగట్టుకుని గులకరాయి తెచ్చి ఆయన ముందు కూర్చుని గుడ్డు అడుగుతోంది. దీనికీ మందుంది. ఏరుకున్న తర్వాత కాదు, చూసి కూడా ముట్టకుండా దాటిపోయినప్పుడు బహుమతి ఇవ్వాలి. అలా ఇస్తే నెలలు పడుతుంది గానీ బుద్ధి నిలుస్తుంది.

ఆయన బుద్ధి సంగతి వేరు. షుగరు 200 దాటిందని నూనె వంటలు డాక్టరు మాన్పించారు. సాయంత్రం షికారులో బజ్జీల బండి దగ్గర “లీవిట్” అని బ్రూనోకి చెబుతూనే తన చేతిలోకి ఒకటి తీసుకుంటారు. మేడ మీది నుంచి భార్య “ఏమండీ!” అని కేక వేసేసరికి వేడి బజ్జీ గుటుక్కున దిగిపోతుంది. వాచ్‌మన్ భార్య సూత్రం ఆ ఇల్లాలికీ అందినట్టుంది. ఈమధ్య కేక మానేసి, ఉడకబెట్టిన శనగలు డబ్బాలో పెట్టి వెంట పంపుతోంది.

కాబట్టి బిర్యానీ ప్రియులకు ఒక విన్నపం. ఎముకలు సంచిలో ముడివేసి చెత్త బండికే ఇవ్వండి. రోడ్డు మీద పారేస్తే బ్రూనో తింటుంది. బ్రూనో తింటే రేపు లిఫ్టులో పేగుల గురించి ఉపన్యాసం వినాల్సింది మీరే.