బసంత్‌నగర్ బ్యాలెట్ పెట్టె ఆత్మకథ

ఈ ఆత్మకథ చెబుతున్నది ఒక ఉక్కు బ్యాలెట్ పెట్టె. దాని ఊరు బసంత్‌నగర్, నియోజకవర్గం పెద్దపల్లి లోక్‌సభ. అప్పట్లో చుట్టూ కేశోరాం సిమెంటు కార్మికులు, ఆ పక్కన రామగుండం, గోదావరిఖని బొగ్గు గనులు. ఈ పెట్టె బతుకంతా గడ్డం వెంకటస్వామి రాజకీయ జీవితంతో ముడిపడింది.

పోలింగ్ రోజు పొద్దున్నే ప్రిసైడింగ్ అధికారి పెట్టె మూత తెరిచి, లోపల ఏమీ లేదని ఏజెంట్లకు చూపేవారు. కాగితపు సీలు మీద వాళ్ల సంతకాలు పడ్డాకే మూత మూసేవారు. ఓటరు వేలికి సిరా రాయించుకుని, గుర్తు మీద స్వస్తిక ముద్ర వేసి, బ్యాలెట్‌ను ముందు నిలువునా, తర్వాత అడ్డంగా మడిచి లోపలికి జారవిడిచేవాడు. అలా మడిస్తే తడి ముద్ర పక్క గుర్తుకు అంటదు. గని కార్మికుడి ఓటైనా, ఫ్యాక్టరీ అధికారి ఓటైనా పెట్టెలో పడ్డాక ఒక్క కాగితమే.

వెంకటస్వామి 1929 అక్టోబర్ 5న పుట్టారు. పేదల గుడిసెల కోసం పోరాడి ‘గుడిసెల వెంకటస్వామి’ అయ్యారు. కార్మికులు ఆయన్ను ‘కాకా’ అన్నారు. 1957లో శాసనసభలో అడుగుపెట్టి, 1967లో సిద్దిపేట నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు వెళ్లారు. 1971లో అక్కడి నుంచే తెలంగాణ ప్రజా సమితి తరఫున నెగ్గారు. ప్రత్యేక రాష్ట్రం కోరిన ఆ పార్టీకి ఆ ఎన్నికల్లో 10 సీట్లు వచ్చాయి. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఇందిరా గాంధీ ప్రభుత్వంలో ఆయన కార్మిక శాఖ ఉపమంత్రిగా పనిచేశారు. 1977లో మూడోసారి సిద్దిపేటే ఆయన్ను గెలిపించింది. తర్వాత కొన్నేళ్లు రాష్ట్ర రాజకీయాల్లో మంత్రిగా, ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉన్నారు.

షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయిన పెద్దపల్లికి ఆయన వచ్చాకే ఈ పెట్టెలో ఆయన ఓట్లు పడ్డాయి. 1989, 1991, 1996లో వరుసగా మూడుసార్లు ఈ నియోజకవర్గం ఆయన్ను ఎన్నుకుంది. పి.వి.నరసింహారావు మంత్రివర్గంలో జౌళి శాఖ, ఆపై కార్మిక శాఖ ఆయనకు దక్కాయి. ఆయన కార్మిక మంత్రిగా ఉండగా, 1995 నవంబర్ 16న ఉద్యోగుల పింఛను పథకం అమల్లోకి వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్‌కు యజమాని కట్టే వాటాలోంచి వేతనంలో 8.33 శాతం పింఛను నిధికి మళ్లుతుంది, కేంద్రం 1.16 శాతం కలుపుతుంది. పదేళ్ల సర్వీసు ఉన్న కార్మికుడికి 58 ఏళ్లకు నెలనెలా పింఛను, అతను పోతే భార్యకు పింఛను. పెద్దపల్లి వేసిన ఓటు ఇలా దేశంలోని లక్షల ఇళ్లకు చేరింది.

1998, 1999లో పెద్దపల్లి తెలుగుదేశం అభ్యర్థి సుగుణకుమారిని గెలిపించింది. వెంకటస్వామి చట్టసభ జీవితం తెంపు లేకుండా సాగలేదు. ఇక్కడి ఓటరు ఇచ్చాడు, వెనక్కి తీసుకున్నాడు, మళ్లీ ఇచ్చాడు. 2004లో పెద్దపల్లి ఆయన్ను తిరిగి పంపింది. అది ఆయన ఏడో లోక్‌సభ విజయం. ఆ ఎన్నిక దేశమంతటా ఓటింగ్ యంత్రాలతో జరిగింది కాబట్టి, ఆ ఓట్లు మోసే భాగ్యం ఈ పెట్టెకు కలగలేదు.

2009లో ఆయన కుమారుడు వివేక్ పెద్దపల్లి ఎంపీ అయ్యారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అదే ఏడాది డిసెంబర్ 22న వెంకటస్వామి కన్నుమూశారు. 2024లో మనుమడు వంశీకృష్ణకు ఇదే స్థానం దక్కింది. కుటుంబం పేరు ఎంత పెద్దదైనా, ప్రతి ఎన్నికలోనూ ఓటరు ముందు నిలబడక తప్పదు. ఖాళీ పెట్టెను ఏజెంట్లకు చూపించాకే పోలింగ్ మొదలుపెట్టడంలోని ధర్మం అదే.