కైలోను నేను: ఒక గడ్డి పురుగు ఆత్మకథ

క్రాంబిడే కుటుంబంలో, గడ్డి జాతి మొక్కలను నమ్ముకుని బతికే రెక్కల పురుగుల్లో, కైలో అనే ప్రజాతిని నేను. 1817లో జింకెన్ అనే కీటక శాస్త్రవేత్త నాకీ పేరు పెట్టాడు. ఎండుగడ్డి రంగు రెక్కల తల్లి పురుగును రైతు పెద్దగా పట్టించుకోడు. పిల్ల పురుగు చేసే పనిని బట్టే నన్ను గుర్తుపడతాడు. జొన్న, మొక్కజొన్నల్లో నేను కాండం తొలుచు పురుగును, లేత చెరకులో పీక పురుగును. నేను పుట్టుకతో చీడను కాను. అడవి గడ్డిలో అక్కడొకటి ఇక్కడొకటిగా బతికేదాన్ని. ఒకే గడ్డి పంటను మైళ్ల కొద్దీ వేసి, నా శత్రువులను మందుతో చంపి, నన్ను చీడగా పెంచింది మనిషి సేద్యమే. అందుకే నన్ను అదుపు చేయడానికి మందు డబ్బా కన్నా ముందు నా శత్రువులను పిలవాలంటాను.

దీనికి నా బతుకే సాక్ష్యం. తల్లి పురుగు ఆకు అడుగున చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి గుడ్లు పేరుస్తుంది. కొద్ది రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, సుడిలోని లేత ఆకులను గీకి, ఆపైన కాండంలోకి దూరతాయి. సుడి విచ్చుకున్నప్పుడు ఆకుమీద వరుసగా చిల్లులు కనిపిస్తాయి. తరవాత మొవ్వు ఎండిపోతుంది. రైతు మేల్కొనేది చాలాసార్లు అప్పుడే. కానీ కాండం లోపలున్న పురుగును పైనుంచి చల్లిన మందు అందుకోలేదు, ఎండిన మొవ్వు మళ్లీ పచ్చబడదు. ఆ మందు చంపేది బయట తిరిగే సాలీళ్లను, పరాన్నజీవి కందిరీగలనే. పంట కోశాక మోళ్లలో, కుప్పేసిన చొప్పలో నా పిల్ల పురుగులు నిద్రావస్థలో ఎండాకాలం గడిపి, తొలకరికి తల్లి పురుగులై బయటికొస్తాయి.

నా శత్రువుల గురించి ఎక్కువ తెలిసిన ఊరు బెంగళూరు. 1957లో కామన్వెల్త్ జీవ నియంత్రణ సంస్థ తన భారత కేంద్రాన్ని అక్కడే తెరిచింది. ఇప్పుడు అదే నగరంలోని హెబ్బాళలో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ మేలు చేసే కీటకాలను పెంచి, వాటి మూల సంతతిని అందిస్తోంది. వాటిలో ట్రైకోగ్రామా కైలోనిస్ ఒకటి. మిల్లీమీటరు కూడా లేని ఈ కందిరీగ నా గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. దాంతో నా పిల్ల పుట్టదు, మొవ్వు ఎండదు. 1930ల నాటికి ఆసియా నుంచి ఆఫ్రికా చేరి అక్కడి మొక్కజొన్నను దెబ్బతీసింది నా జాతుల్లో ఒకటైన కైలో పార్టెల్లస్. దాన్ని అదుపు చేయడానికి 1993లో కెన్యాలో వదిలిందీ ఆసియా కందిరీగనే. కొటేసియా ఫ్లావిపెస్ అనే ఆ కీటకం నేను తొలిచిన సొరంగంలోకే వచ్చి నా పిల్ల పురుగులో గుడ్లు పెడుతుంది. మందు చేరని చోటికి అది చేరింది.

కందిరీగలు అన్ని గుడ్లనూ పట్టలేవు కదా అని అడుగుతారు. నిజమే, పట్టలేవు. అయితే పంటను కాపాడటానికి నా వంశం నాశనం కానక్కర్లేదు, నా సంఖ్య నష్టం కలిగించే స్థాయికి దిగువన ఉంటే చాలు. ట్రైకోగ్రామా ఉన్న గుడ్లను అంటించి పొలంలో కట్టే ట్రైకోకార్డులు సమయానికి దొరకవన్నది ఇంకా బలమైన అభ్యంతరం. కార్డు మీద ఉన్నవి జీవాలు, ఎరువుల బస్తాలా గోదాములో నెలల తరబడి నిలవుండవు. కాబట్టి తప్పు పద్ధతిది కాదు, సరఫరాది. మండలానికో చిన్న ఉత్పత్తి కేంద్రం ఉంటే ఈ కొరత తీరుతుంది. 2018లో కర్ణాటకలో కనిపించి దేశమంతా పాకిన కత్తెర పురుగు ముందు నువ్వెంత అని కూడా అంటారు. అదీ గుడ్ల నుంచే మొదలవుతుంది, దాని గుడ్లనూ వెతికి పట్టే కందిరీగలున్నాయి. పురుగు మారినా పాఠం మారలేదు. పిల్ల పురుగు ఇంకా సుడిలోనే ఉండగా, నష్టం హద్దు దాటితే, సుడిలో వేసే మందుకు చోటుందని ఒప్పుకుంటాను. అది చివరి మెట్టు కావాలి, మొదటిది కాదు.

రైతన్నా, కోత కాగానే మోళ్లు దున్నెయ్, చొప్పను నరికి పశువులకు మేపు. మొలక వచ్చిన రెండో వారం నుంచే ఆకులు తిప్పి నా గుడ్ల కోసం చూడు. కార్డులు కట్టిన రోజుల్లో మందు కొట్టకు.