బెండకాయ పద్యానికి సబ్హాన్ వ్యాఖ్య

మూలం (ఆటవెలది)

బెండకాయ తొడిమ పిండిముద్దయు పాల
యట్టపెట్టె గరిటె లన్ని దెచ్చి
ఆడుకొమ్ము గాని గోడల కద్దిన
వీపు మోగు నోయి పిల్లవాడ!

అవతారిక: కువైట్ వేసవి సెలవుల్లో, ఏసీ కింద విసిగిపోయిన కొడుకుతో ఒక తల్లి అన్న మాట ఇది. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని చేయించరాదని అక్కడ ఉత్తర్వు. వంటగదికి అది వర్తించదు. కవయిత్రి ఆ వేళా పొయ్యి దగ్గరే ఉన్నదని గ్రహించాలి.

టీక: బెండకాయ తొడిమ = కాస్త కండతో కోసిన ముక్క. రంగులో ముంచి కాగితం మీద అద్దితే ఐదారు రేకుల పువ్వు. ఎలాగూ పారేసేదే, ఖర్చు లేదు.

పిండిముద్ద = రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పుకు కాస్త తక్కువగా నీళ్లు. అంత ఉప్పుంటే బూజు పట్టదు. బొమ్మలు పలచగా చేసి ఎండబెట్టాలి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశంలో ఓవెన్ అడగడం అవివేకం.

పాలయట్టపెట్టె = సబ్హాన్ పారిశ్రామికవాడ ప్రసాదం. 1962లో పుట్టిన కేడీడీ, అంటే కువైటీ డేనిష్ డెయిరీ, ఉన్నది అక్కడే. అట్టకు ప్లాస్టిక్ పొర ఉంటుంది గనుక నిలువునా కోస్తే మునగని పడవ. వాన కోసం చూడక బకెట్లో వదలాలి.

గరిటె = కొయ్యది. కళ్లు, మీసాలు గీస్తే రాజుగారు. స్టీలు గరిటె, పళ్లెం మీద వాయించుటకు అని కొందరు చెప్పిన అర్థం పక్క ఫ్లాటువారి దృష్ట్యా అంగీకరించం.

గోడల కద్దిన = ఇదే పద్యానికి ప్రాణం. ఇంట్లో దొరికే మొదటి రంగు పసుపు. మరకను దాచబోయి పిల్లవాడు సబ్బుతో తోముతాడు. సబ్బులోని క్షారం తగిలి పసుపు ఎర్రబడుతుంది. సున్నం కలిపి పారాణి చేసే కిటుకూ ఇదే. పెళ్లికూతురి పాదాలకు అది శోభ. అద్దె గోడకు మాత్రం, ఇల్లు ఖాళీ చేసేనాడు హారిస్, అంటే భవనం కాపలాదారు, వేలు పెట్టి చూపించే చోటు.

తాత్పర్యం: వంట అయ్యేదాకా నన్ను కదిలించకు.

పాఠాంతరం: నాలుగో పాదం “తండ్రితోడ చెప్తు పిల్లవాడ” అని కొన్ని ఇళ్లలో వినబడుతుంది. యతి చెడింది. అర్థమూ పొసగదు: సబ్హాన్‌లో షిఫ్టు దిగి వచ్చిన తండ్రి, చొక్కా అయినా మార్చకుండా, మిగిలిన పిండితో ఏనుగును చేస్తూ కూర్చుంటాడని లోకానుభవం. కనుక ప్రక్షిప్తం.